అగ్గిపుల్లల పిల్ల చావాలా?

హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ రాసిన అగ్గిపుల్లలమ్మే పిల్ల కథ తెలియని చదువరి మనలో అరుదు. సంవత్సరం చివరి రాత్రి. మంచు కురుస్తున్నది. కాళ్లకు చెప్పులైనా లేని ఒక పిల్ల, అమ్మకానికి తెచ్చిన అగ్గిపుల్లలు ఒక్కటీ అమ్ముడుపోక, రెండిళ్ల గోడల సందున ముడుచుకు కూర్చుంటుంది. ఇంటికి పోతే తండ్రి కొడతాడు. చలికి తాళలేక పుల్లలు వెలిగించుకుంటుంది. ఆ వెలుగులో వెచ్చని పొయ్యి, విందు భోజనం, దీపాల చెట్టు కనిపిస్తాయి. చివరికి చనిపోయిన అమ్మమ్మ కనిపిస్తుంది. తెల్లవారేసరికి పిల్ల గడ్డకట్టి చచ్చిపడి వుంటుంది. చలీ ఆకలీ లేని చోటికి, దేవుడి దగ్గరికి, అమ్మమ్మతో కలిసి వెళ్లిపోయిందని రచయిత మనకు ధైర్యం చెబుతాడు.

ఈ కథను ఒకసారి తరగతిలో చెప్పాను. ఎప్పటిలాగే గది నిశ్శబ్దమైపోయింది. కళ్లొత్తుకున్నవాళ్లు కూడా వున్నారు. అప్పుడు వెనక వరసలోనుంచి ఒక అమ్మాయి లేచి, "పుల్లలు అమ్మిన పిల్ల సంగతి చెప్పారు, సరే సార్. ఆ పుల్లలు చేసినవాళ్లు ఎవరు?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వి పాఠం ముందుకు నడిపించాను. ఇల్లు చేరిన తర్వాత గాని నేను చేసింది తప్పించుకోవడమని నాకు తెలిసిరాలేదు. ఆ అమ్మాయికి ఆనాడు ఇవ్వవలసిన జవాబు ఇప్పుడు ఇస్తున్నాను.

జవాబు చెప్పేముందు రెండు పక్షాలవారితో తగవు తీర్చుకోవలసి వున్నది. మొదటి పక్షంవారు కరుణావాదులు. పిల్లల కథల్లో వర్గాన్నీ శ్రమనూ వెతకడం పువ్వులో బొగ్గు వెతకడం వంటిదని వీరి అభిప్రాయం. కథ విన్నామా, కన్నీరు కార్చామా, మనసు కడుక్కున్నామా, అంతే. రెండో పక్షంవారు మనవాళ్లే. మాయలు, మంత్రాలు, మాట్లాడే పక్షులు అన్నీ భూస్వామ్య యుగపు చెత్త అనీ, శాస్త్రీయ దృక్పథం అలవడవలసిన పిల్లలకు వాటిని చెప్పడం నేరమనీ వీరు సభలలో సెలవిస్తూ వుంటారు. ఒకరు అద్భుత కథను గుడిలో పెట్టి తాళం వేస్తారు, ఇంకొకరు దాన్ని ఊరి బయటకు తరిమేస్తారు. ఇద్దరూ దాన్ని చదవరు.

అద్భుత కథలో మాయ వుందా లేదా అనేది విమర్శకుడు వేయవలసిన ప్రశ్న కాదని నా వాదం. కథలో ఒకరి కోరిక తీరుతుంది. ఆ కోరిక ఎవరిది? దాని ఖర్చు ఎవరు భరించారు? ఆ ఖర్చును రచయిత చూపించాడా, దాచాడా? ఈ గీటురాయి మీద గీసి చూస్తే, రచయితలు పుట్టించిన ఆధునిక అద్భుత కథలలో ఏది మనదో ఏది కాదో తేలిపోతుంది.

రచయితలు పుట్టించిన కథలు అని ఎందుకంటున్నానంటే, జానపదుల నోటి కథ వేరు, రచయిత కలం కథ వేరు. కలం పట్టినవాడికి ఒక వర్గం, ఒక పాఠకుడు, ఒక ప్రచురణకర్త వుంటారు. ఫ్రాన్సులో శార్ల్ పెరో 1697లో అచ్చు వేసిన కథలు పద్నాలుగవ లూయీ ఆస్థాన నాగరికత మధ్య తీర్చిదిద్దినవి. జర్మనీలో గ్రిమ్ సోదరులు ప్రజల నోటినుంచి యథాతథంగా తెచ్చామని చెప్పుకున్నారు. కాని కూర్పు కూర్పుకూ వాళ్లు చేసిన మార్పులు చూడండి. 1812 నాటి మొదటి సంపుటంలో హాన్సెల్, గ్రెటెల్ అనే పిల్లలను అడవిలో వదిలిపెడదామని మొగుణ్ణి తొందరపెట్టింది కన్నతల్లి. ఇంట్లో తిండి లేదు కనుక. 1840 కూర్పు వచ్చేసరికి ఆమె సవతితల్లి అయిపోయింది.

చిన్న మార్పే గదా అంటారేమో! కన్నతల్లి చేత ఆ పని చేయించినప్పుడు నేరం ఆకలిది. అటువంటి కరువు తెచ్చిన వ్యవస్థ ఏమిటని ఎవడైనా అడగగలడు. సవతితల్లి చేత చేయించినప్పుడు నేరం ఒక చెడ్డ ఆడదానిది. ఇక ఎవడూ ఏమీ అడగనక్కరలేదు. మాయ ఎక్కడా పెరగలేదు, తరగలేదు. మారింది ఖర్చు పద్దు రాసిన పేరు మాత్రమే. మాయలను చూసి బెదిరే మన మిత్రులు ఇటువంటి దొంగలెక్కను ఏనాడూ పట్టుకోలేదు.

ఇప్పుడు ఆండర్సన్ దగ్గరికి వద్దాం. ఆయనను నేను తేలికగా తీసివేయడం లేదు. 1805లో ఓడెన్సే పట్టణంలో ఒక పేద చెప్పులు కుట్టేవాడికి పుట్టినవాడు. తల్లి బట్టలుతికి బతికింది. చిన్నతనంలో ఆ తల్లిని ఇంట్లోవాళ్లు బిచ్చానికి పంపితే, అడగడానికి నోరు రాక, రోజంతా ఒక వంతెన కింద కూర్చుని ఏడ్చిందని ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. అగ్గిపుల్లల పిల్లలో ఆ తల్లి వుంది. చాకిరీతో చితికిపోయిన ఒక చాకలి స్త్రీని ఊళ్లో పెద్దమనిషి పనికిమాలినదని తీసిపారేస్తే, ఆమె పక్షాన నిలిచి ఆయన మరొక కథ కూడా రాశాడు.

కాని ఈ కథ ఎక్కడ పుట్టిందో కూడా చూడాలి. 1845 చివరలో ఒక పంచాంగ ప్రచురణకర్త ఆండర్సన్‌కు కొన్ని బొమ్మలు పంపి, వాటిలో ఒకదానికి కథ రాయమన్నాడు. అప్పుడాయన గ్రోస్టెన్ కోటలో ఒక డ్యూకు అతిథిగా వున్నాడు. చేతిలో అగ్గిపుల్లల కట్ట పట్టుకున్న పేదపిల్ల బొమ్మను ఎంచుకున్నాడు. వంతెన కింద ఏడ్చిన తల్లి జ్ఞాపకం ఒక చేతిలో, ప్రభువు ఇంటి ఆతిథ్యం మరొక చేతిలో పెట్టుకుని రాసిన కథ ఇది. అందుకే అందులో రెండు గొంతుకలు వున్నాయి. పిల్ల చెప్పును ఎత్తుకుపోయిన పోకిరీని, కొట్టే తండ్రిని, కిటికీల్లోనుంచి వచ్చే విందు వాసనను చూపించింది చాకలామె కొడుకు. పిల్లను చంపి స్వర్గానికి పంపింది కోటలో అతిథి.

ఆ స్వర్గం కథకు ఏం చేసిపెట్టింది? విందు తినేవాళ్లకు అడ్డు రాకుండా పిల్లను తొలగించింది. ఆమె చూసిన సొగసులు ఎవరికీ తెలియవని రచయిత అంటాడు. నిజమే. అయితే, పక్కింటి కిటికీ లోపల కూర్చున్నవాళ్ల సంగతి మాత్రం అందరికీ తెలుసు గదా! వాళ్లను గురించి ఒక్క ప్రశ్న లేదు. పిల్ల కోరిక తీరింది, ఖర్చు కూడా పిల్లే భరించింది. తన దగ్గరున్న సరుకంతా కాల్చుకుని, ప్రాణం కూడా దాని మీద వేసింది. ఇది చదివి ఏడ్చినవాడికి తాను మంచివాణ్ణనే తృప్తి మిగులుతుంది. కన్నీరు చవక. అగ్గిపెట్టె వెల కూడా కాదు.

కొందరు దయామయులు ఈ ముగింపును మార్చి, ఎవరో ధనికులు పిల్లను ఇంట్లోకి తీసుకుపోయి పెంచుకున్నట్టు తిరగరాశారు. ఇది మరింత పెద్ద అబద్ధం. ఆండర్సన్ పిల్ల కనీసం చచ్చింది. చావు నిజం. వీళ్లు కిటికీ లోపలివాళ్లను నేరస్థులు కాకుండా చేయడమే గాక, దేవుళ్లను కూడా చేశారు.

తర్వాత నలభై మూడేళ్లకు మరొక అగ్గిపుల్లల పిల్ల సాహిత్యంలోకి వచ్చింది. 1888 మే నెలలో ఆస్కార్ వైల్డ్ అచ్చు వేసిన 'సంతోష రాకుమారుడు' కథలో. బతికున్నన్నాళ్లూ గోడ అవతలి దుఃఖం చూడని రాకుమారుడు, చచ్చి ఊరి నడుమ బంగారు విగ్రహంగా నిలబడ్డ తర్వాత అంతా చూస్తాడు. తన ఒంటి మీది కెంపును, కంటి నీలాలను, బంగారు రేకులను ఒక పిచ్చుక చేత పేదలకు పంపిస్తాడు. అందులో ఒక కుట్టుపని తల్లి. రాణిగారి చెలికత్తె గౌను మీద పువ్వులు కుడుతూ వుంటుంది, పక్కన జబ్బు పిల్లవాడు. ఆ చెలికత్తె మేడ మీద నిలబడి, గౌను వేళకు అందుతుందో లేదో, ఈ కుట్టుపనివాళ్లు బొత్తిగా సోమరులు అని సణుగుతుంది. వైల్డ్ ఏమీ వ్యాఖ్యానించడు. రెండు గదులనూ పక్కపక్కన పెట్టి వూరుకుంటాడు.

ఈ కథలోనే, పుల్లలన్నీ మురుగు కాలవలో పడిపోయి, తండ్రి కొడతాడని ఏడుస్తున్న అగ్గిపుల్లల పిల్ల కనిపిస్తుంది. ఆండర్సన్‌కు జవాబు అనుకోకుండా వుండలేం. ఈ పిల్ల చావదు. రాకుమారుడి రెండో కంటి నీలం ఆమె అరచేతిలో పడుతుంది. గాజుముక్క అనుకుని నవ్వుతూ ఇంటికి పరుగెత్తుతుంది. ఖర్చు ఈసారి పిల్లది కాదు, రాజుది. ఇది ఒక అడుగు ముందుకు. కాని ఒక అడుగే. పిచ్చుక చలికి చస్తుంది. బంగారం పోయిన విగ్రహాన్ని ఊరి పెద్దలు కరిగించి, తర్వాతి విగ్రహం ఎవరిది వుండాలని తగాదాపడతారు. రాకుమారుడి గుండెనూ చచ్చిన పిచ్చుకనూ దేవుడు తన దగ్గరికి తెప్పించుకుంటాడు. ఊరు మాత్రం మునుపటి లాగే వుంటుంది. దానం చేసినవాడు కరిగిపోయాడు, దారిద్ర్యం కరగలేదు. దానం రోగాన్ని పొడిగిస్తుందే గాని నయం చేయదని వైల్డే 1891లో సోషలిజంపై రాసిన వ్యాసంలో వాదించాడు. అంటే తన కథకు తానే విమర్శకుడయ్యాడు. మన కరుణావాదులు ఆ కథను చదివినంతగా ఈ వ్యాసాన్ని చదవరు!

ఇక మా తరగతి అమ్మాయి ప్రశ్నకు వస్తున్నాను. పుల్లలు చేసినవాళ్లు ఎవరు?

వైల్డ్ పుస్తకం వెలువడిన రెండు నెలలకు, 1888 జులైలో, అదే లండన్‌లో, బో ప్రాంతంలోని బ్రయంట్ అండ్ మే అగ్గిపుల్లల కర్మాగారం నుంచి సుమారు 1,400 మంది స్త్రీలు, ఆడపిల్లలు పని మాని బయటికి వచ్చారు. చాలీచాలని కూలి. అందులోనే జరిమానాల కోత. మాట్లాడితే జరిమానా, ఆలస్యమైతే జరిమానా. తెల్ల భాస్వరం ఆవిరి తగిలి దవడ ఎముక కుళ్లిపోయే రోగం. జూన్ నెలలో అనీ బిసెంట్ తన పత్రికలో ఈ పరిస్థితులను బయటపెట్టింది. ఆమె రాసింది అబద్ధమని సంతకాలు పెట్టమని యాజమాన్యం ఒత్తిడి చేస్తే కార్మికులు పెట్టలేదు. ఒక పిల్లను పనిలోనుంచి తీసివేయడంతో సమ్మె అంటుకున్నది. నెల తిరగకముందే జరిమానాలు రద్దయినాయి, తీసివేసినవాళ్లను తిరిగి తీసుకున్నారు, స్త్రీల సంఘం ఏర్పడింది. ఆ అనీ బిసెంట్ తర్వాత దివ్యజ్ఞాన సమాజంలో చేరి మన దేశం వచ్చి, మదనపల్లెలో కళాశాల స్థాపించింది. ఆమెను ఆ రూపంలో ఎరిగిన తెలుగువాళ్లలో అగ్గిపుల్లల సమ్మె సంగతి ఎరిగినవారు ఎందరు?

వైల్డ్ కథ చదివి ఆ పిల్లలు సమ్మె చేశారని నేననడం లేదు. అంత అమాయకత్వం నాకు లేదు. నేననేది ఇది. 1845లో పిల్ల చచ్చింది. 1888 మేలో పిల్ల చేతిలో నీలం పడింది. 1888 జులైలో పిల్ల పిడికిలి బిగించింది. మొదటి రెండూ కథలు, మూడోది చరిత్ర. చరిత్ర అంతదూరం నడిచిపోయిన తర్వాత కూడా మొదటి కథ దగ్గరే కూర్చుని కళ్లొత్తుకుంటూ వుండమని విద్యార్థికి చెప్పే ఉపాధ్యాయుడు, తెలిసో తెలియకో, బ్రయంట్ అండ్ మే పక్షాన వున్నాడు.

కథ కూడా ఆగిపోలేదు. వైల్డ్ 1888లోనే 'యువరాజు' కథ అచ్చు వేశాడు. పట్టాభిషేకం ముందు రాత్రి రాజుకు మూడు కలలు వస్తాయి. తన బంగారు వస్త్రం నేసే బక్కచిక్కిన నేతపనివాళ్లు, తన రాజదండానికి ముత్యాలు తెచ్చి నెత్తురు కక్కి చచ్చే బానిస, తన కిరీటానికి కెంపులు తవ్వుతూ గుంపులుగా రాలిపోయే కూలీలు. కథలో మాయ చేసే పని ఇక్కడ చూడండి. మామూలుగా కంటికి కనిపించని శ్రమను కనిపించేటట్టు చేయడానికి కల కావలసివచ్చింది. సరుకు వెనకాల మనిషి వున్నాడని అర్థశాస్త్రం చెప్పే మాటను ఈ కథ నిద్రలో చూపించింది. రాజు ఆ దుస్తులను తోసిపుచ్చి గొర్రెలకాపరి కంబళితో బయలుదేరితే, అడ్డం తిరిగినవాళ్లలో ఒక పేదవాడు కూడా వున్నాడు. ధనికుల వైభోగమే మాకు కూడు, యజమాని కింద పాటుపడటం చేదే గాని యజమాని లేకపోవడం ఇంకా చేదు అని వాదిస్తాడు. ఎంత నిజమైన ఘట్టం! ముగింపులో వైల్డ్ మళ్లీ దైవకాంతిని దింపి తప్పించుకున్నాడు, కాదనను. కాని ఆ పేదవాడి మాటకు జవాబు చెప్పవలసిన బాధ్యత మనకు మిగిల్చాడు.

తర్వాత మెట్టు 1921. వియన్నాలో ప్రభువంశంలో పుట్టి, తన వర్గాన్ని విడిచి కమ్యూనిస్టయిన హెర్మీనియా త్సుర్ మ్యూలెన్ పిల్లల కోసం ఒక కథల పుస్తకం రాసింది. జార్జ్ గ్రోస్ బొమ్మలు వేశాడు. పీటర్ అనే పిల్లవాడు కాలు విరిగి మంచంలో పడివుంటాడు. తల్లి పనికి పోతుంది. ఒంటరిగా వున్న పిల్లవాడితో గదిలోని వస్తువులు మాట్లాడతాయి. బొగ్గు, అగ్గిపెట్టె, నీళ్లసీసా, దుప్పటి, ఇనపకుండ, ఒక్కొక్కటీ తాను ఎక్కడినుంచి, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పుకుంటుంది. అగ్గిపెట్టె! ఆండర్సన్ చేతిలో వెలిగి ఆరిపోయిన వస్తువుకు ఇక్కడ నోరు వచ్చింది. మా తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్నను అచ్చంగా ఈ పుస్తకం అడిగింది. ఎంతటి మాయ చేసి అడిగింది! వస్తువులు మాట్లాడటం శాస్త్రీయమా? కాదు. కాని అవి చెప్పింది అక్షరాలా నిజం.

ఈ ఉదాహరణ మన రెండో పక్షంవారి కోసమే ఎత్తాను. మాయల మీద మన శిబిరం చేసిన యుద్ధానికి ఒక చరిత్ర వున్నది. దాన్ని కప్పిపుచ్చుకోవడం మన గౌరవానికి తగదు. 1928 ఫిబ్రవరిలో క్రూప్‌స్కయా ప్రావ్దా పత్రికలో కొర్నెయ్ చుకోవ్‌స్కీ రాసిన 'మొసలి' అనే పిల్లల గేయకథను తీవ్రంగా ఖండించింది. పిల్లలకు మొసలిని గురించిన జ్ఞానం ఇవ్వకుండా అర్థంపర్థం లేని గందరగోళం ఇస్తున్నదని ఆమె ఆక్షేపణ. క్రూప్‌స్కయా విద్యారంగానికి చేసిన సేవ చిన్నది కాదు. కాని ఇక్కడ ఆమె పొరపడింది. గోర్కీ అదే పత్రికలో చుకోవ్‌స్కీని సమర్థించాడు. ఆ గోర్కీయే 1934లో సోవియట్ రచయితల మొదటి మహాసభలో, శ్రామికులు కన్న కలలే జానపద కథల్లో వున్నాయని, వాటినుంచి నేర్చుకోవాలని రచయితలకు చెప్పాడు. మన మిత్రులు 1934 మాట మరచి 1928 మాటనే ఇంకా పట్టుకు వేలాడుతున్నారు.

అంతకంటే చేదు ఉదాహరణ మరొకటి వుంది. యెవ్గెనీ ష్వార్త్స్ 'డ్రాగన్' అనే అద్భుత నాటకాన్ని ఫాసిజంతో యుద్ధం సాగుతున్న రోజుల్లో రాశాడు. మూడు తలల డ్రాగన్ నాలుగువందల ఏళ్లుగా ఒక ఊరిని ఏలుతున్నది. ఏటా ఒక కన్యను తీసుకుపోతుంది. ఊరివాళ్లకు అది అలవాటైపోయింది. మన డ్రాగన్ వుండబట్టే గదా బయటి డ్రాగన్‌లు రావడం లేదని సమర్థించుకుంటారు కూడా. వీరుడు వచ్చి దాన్ని చంపుతాడు, గాయాలతో ఎటో పోతాడు. వెంటనే మేయరు తానే డ్రాగన్‌ను చంపానని ప్రకటించుకుని అధ్యక్షుడవుతాడు. ఊరు చప్పట్లు కొడుతుంది. తిరిగి వచ్చిన వీరుడికి అసలు పని ఇప్పుడే మొదలయిందని తెలుస్తుంది. డ్రాగన్‌ను ఒక్కొక్క మనిషి లోపలా వెతికి చంపవలసి వున్నది.

1944లో రంగస్థలం ఎక్కిన ఈ నాటకాన్ని కొద్ది ప్రదర్శనలకే ఆపివేశారు. ఎవరు ఆపారు? హిట్లర్ కాదు. సోషలిజం పేరు మీద పాలిస్తున్నవాళ్లు. మాయలు మనుషులను మభ్యపెడతాయనే మాటే నిజమైతే, మభ్యపెట్టే నాటకాన్ని చూసి అధికారం ఎందుకు బెదిరింది? అద్దంలో ముఖం కనిపించింది గనక. డ్రాగన్ చావు తర్వాత ఖర్చు లెక్క అడిగిన కథ అది. ఆ లెక్క విననొల్లని ఉద్యమం ఎంతటి మూల్యం చెల్లించుకున్నదో 1991 తర్వాత మనకు వేరే చెప్పనక్కరలేదు.

మన ఇంటి సంగతి కూడా ఒక్క మాట. కొడవటిగంటి కుటుంబరావు మధ్యతరగతి జీవితపు బోలుతనాన్ని నిర్దయగా విప్పి చూపిన వాస్తవవాది, మార్క్సిస్టు. ఆయనే 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామ సంపాదకత్వం వహించాడు. రాక్షసులు, మాంత్రికులు, భేతాళుడు నిండిన పత్రిక! కూటికోసం చేసిన ఉద్యోగమని కొందరు ఆయన తరఫున క్షమాపణ చెప్పుకుంటారు. ఆ క్షమాపణ అక్కరలేదు. భేతాళుడు ప్రతి కథ చివరా ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. తెలిసి జవాబు చెప్పకపోతే తల పగులుతుందంటాడు. లక్షల మంది తెలుగు పిల్లలకు ప్రశ్నను విని, న్యాయాన్యాయాలు తూచి, కారణం చెప్పడం అలవాటు చేసిన తరగతి గది అది. చెట్టు మీది శవం మాట్లాడటం అబద్ధమే. ఆ ఆలోచన అబద్ధమా?

మన బాలసాహిత్యాన్ని దీనితో పోల్చి చూడండి. మనవాళ్లు రాసే పిల్లల కథల్లో మంచి కూలివాడు, చెడ్డ ఆసామి, చివర ఒక ఉపన్యాసం వుంటాయి. మాయ లేదు, నవ్వు లేదు, ప్రశ్న అసలే లేదు. జవాబు ముందే వుంది. పిల్లలు వాటిని చదవరు. చదవనందుకు పిల్లలను, సినిమాలను తిట్టుకుంటాం. ఆ ఖాళీలోకి రాకుమార్తె బొమ్మలు అమ్ముకునే వ్యాపారి వచ్చి కూర్చుంటే ఆశ్చర్యపోతాం!

శివకాశి అగ్గిపెట్టెల పరిశ్రమలో పిల్లల చేత పని చేయించడం గురించి 1996లో కూడా మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చింది. అంటే అగ్గిపుల్లల పిల్ల డెన్మార్కు మంచులోనే లేదు. ఆండర్సన్ కథకు కళ్లొత్తుకున్న మన పాఠకులు పొయ్యి అంటించుకోవడానికి తీసిన పెట్టె మీద ఆమె వేలిముద్రలు వుండి వుండవచ్చు.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి: ఆండర్సన్ కథను మానివేయవద్దు. చెప్పండి, పిల్లలను ఏడవనివ్వండి. కాని అక్కడితో గంట కొట్టవద్దు. మరునాడు వైల్డ్‌ను చెప్పండి. ఆ మరునాడు 1888 సమ్మెను చెప్పండి. ఆపైన త్సుర్ మ్యూలెన్ అగ్గిపెట్టెకు నోరివ్వండి. రచయిత మిత్రులకు మరొక మనవి: మన బీడీకట్టకు, మన గ్యాసుబండకు, మన చేతి ఫోనుకు మాట నేర్పండి. అవి ఎవరి చేతుల మీదుగా వచ్చాయో చెప్పగల మాయ కావాలి మనకు. అటువంటి మాయకు జడిసేవాడు శాస్త్రీయవాది కాదు, కేవలం ఊహ లేనివాడు.

మా తరగతి అమ్మాయి మళ్లీ లేచి అడిగితే ఈసారి నవ్వను. పుల్లలు చేసినవాళ్లు ఆమె వంటి పిల్లలే. వాళ్లు చావనక్కరలేదు. చావలేదు కూడా. సమ్మె చేశారు, గెలిచారు. ఆ కథ రాసే బాధ్యత నీదేనమ్మా అని చెబుతాను.